నాన్నా, అర్జునుడు ఎప్పుడొస్తాడు?

"ఈమధ్య చూసిన సినిమాల్లో మీకు బాగా గుర్తుండిపోయినవి ఏవి, ఎందుకు?" అని అడిగారు. రెండు నెలల్లో తొమ్మిదో పదో చూసి ఉంటాను. అందులో సగం పేర్లు గుర్తు రావాలంటే బుర్ర గోక్కోవాలి. మిగిలినవాటి గురించి చెబుతాను. కథలూ ముగింపులూ కూడా చెప్పేస్తాను కాబట్టి, చూడనివాళ్లు ఆ పేరాలు దాటేయండి.

మొదట 'మాయాబజార్'. నాకు కొత్తేమీ కాదు, లెక్కలేనన్నిసార్లు చూసిందే. మా అమ్మాయికి పదేళ్లొచ్చినా ఇంకా చూడలేదని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టాను. ఘటోత్కచుడు వచ్చేదాకా ఓపిక పడుతుందా అని అనుమానపడ్డాను గానీ, బుద్ధిగానే చూసింది. సగం అయ్యాక ఒక ప్రశ్న వేసింది: "నాన్నా, అర్జునుడు ఎప్పుడొస్తాడు?"

చెబుదామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. రాడు. అర్జునుడే కాదు, ఐదుగురు పాండవుల్లో ఒక్కరూ ఈ సినిమాలో కనిపించరు. సినిమా పిచ్చి ఉన్న చాలామందికి తెలిసిన సంగతే కావచ్చు, నాకు మాత్రం ఇన్నేళ్లలో తట్టలేదు. నిజానికి కథంతా వాళ్లవల్లే నడుస్తుంది. వాళ్లు జూదంలో ఓడిపోబట్టే సుభద్ర కొడుకుని వెంటబెట్టుకుని పుట్టింటికి వస్తుంది. ఓడిపోబట్టే వదినగారి చూపు మారుతుంది, శశిరేఖ సంబంధం లక్ష్మణకుమారుడి వైపు తిరుగుతుంది. అన్నిటికీ కారణమైనవాళ్లు తెరమీదికే రారు. ఒకవేళ వస్తే? భీముడు పక్కనుంటే ఘటోత్కచుడికి అంత చోటు ఎక్కడుంటుంది? అర్జునుడు ఉంటే సుభద్ర ఒంటరిగా అంత అవమానం ఎందుకు దిగమింగుతుంది? 1957లో కె.వి.రెడ్డి, పింగళి నాగేంద్రరావు కలిసి అంతటి వీరుల్ని పక్కన పెట్టేసి, మూడు గంటలపాటు మనకు ఆ లోటే తెలియకుండా చేశారు. (మాయా శశిరేఖగా సావిత్రి నడకలో ఎస్వీ రంగారావు కనిపించడం గురించి మొదలుపెడితే ఈ జవాబు అక్కడే అయిపోతుంది, అందుకే ముట్టుకోవడం లేదు.)

ఆ ప్రశ్న బుర్రలో దూరాక, తర్వాత ఏది చూసినా "ఇందులో ఎవరు రాలేదు, ఏది చూపించలేదు" అని వెతకడం అలవాటైపోయింది.

అలా వెతుక్కుంటూ కూడా దారుణంగా బోల్తాపడింది 'ఎ సెపరేషన్' దగ్గర. ఇరాన్ దర్శకుడు అస్ఘర్ ఫర్హాదీ 2011లో తీసిన సినిమా. మొదటి సీన్లో భార్యాభర్తలు సిమిన్, నాదర్ జడ్జి ముందు కూర్చుని విడాకుల గురించి వాదించుకుంటారు. జడ్జి కనిపించడు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. ఇద్దరూ మనవైపు చూసే మాట్లాడతారు, అంటే ఆ కుర్చీలో మనల్ని కూర్చోబెట్టాడన్నమాట. నేనూ దర్జాగా కూర్చుని తీర్పు చెప్పేశాను: తప్పు మొగుడిది. కాసేపటికి కాదు కాదు, పనిమనిషిది అన్నాను. ఇంకాసేపటికి ఆమె మొగుడిది అన్నాను. గంటన్నర అయ్యేసరికి నా తీర్పుల మీద నాకే నమ్మకం పోయింది.

నాదర్ తండ్రికి అల్జైమర్స్. ఆయన్ని చూసుకోవడానికి కుదిరిన రజియే కడుపుతో ఉంటుంది. ఒకరోజు ముసలాయన ఇంట్లోంచి రోడ్డు మీదికి వెళ్లిపోతాడు. వెతుక్కుంటూ వెళ్లిన రజియే, కార్ల మధ్య నిలబడ్డ ఆయన్ని చూస్తుంది. అంతే, కట్. తర్వాతి సీన్లో ఇంట్లో అంతా మామూలుగా ఉంటారు. ఆయన దొరికాడు కదా అని నేనూ వదిలేశాను. మర్నాడు గొడవలో నాదర్ ఆమెను గుమ్మం బయటికి తోస్తాడు, ఆమెకు గర్భం పోతుంది, కేసవుతుంది. ముందురోజు ఆ రోడ్డు మీద కారు ఆమెను గుద్దిందన్న సంగతి చివరికొచ్చాక గానీ మనకు తెలియదు. కథకంతటికీ ముడి పడిన క్షణాన్ని మన కళ్లముందే కత్తిరించేశాడు!

మా ఆవిడ దీన్ని అస్సలు ఒప్పుకోలేదు. "చూపించాల్సింది దాచేసి తర్వాత చెప్పడం గొప్పేమిటి, మోసం" అంది. నిజమేనేమో అని నాకూ ఒక పూట అనిపించింది. మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. ఆ ఇంట్లో రజియే తప్ప ఇంకెవరికీ ఆ సంగతి తెలియదు. తెలియకుండానే అందరూ ఒకరి మీద ఒకరు ప్రమాణాలకు దిగుతున్నారు. మనకు మాత్రం ముందే తెలిసిపోతే, పైన కూర్చుని వాళ్లను చూసి జాలిపడేవాళ్లం. ఇప్పుడైతే మనమూ వాళ్లలో ఒకళ్లమే. మా ఆవిడ ఇప్పటికీ మోసమనే అంటోంది.

ముగింపులో పదకొండేళ్ల కూతురు తెర్మే, అమ్మతో ఉంటుందో నాన్నతో ఉంటుందో చెప్పాలి. నిర్ణయించుకున్నానంటుంది. జడ్జి అమ్మానాన్నలను బయట ఉండమంటాడు. వరండాలో అద్దానికి అటొకరు, ఇటొకరు. తలుపు తెరుచుకోదు, పేర్లు పడిపోతాయి. ఆ పాప వేసింది దర్శకుడి కన్నకూతురే, సరీనా ఫర్హాదీ. పేర్లు పూర్తయ్యేదాకా నేను లేవలేదు, ఎవరో ఒకరు తలుపు తీస్తారేమోనని.

మధ్యలో ఒక కొత్త యాక్షన్ సినిమా కూడా చూశాను, పేరెందుకులెండి. హీరోకి కోపం ఎందుకొచ్చిందో ఫ్లాష్‌బ్యాక్‌లో మూడుసార్లు చూపించారు. మూడోసారి నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చాను, ఇంకా అదే నడుస్తోంది.

'ది జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్' విషయంలో తప్పు పూర్తిగా నాది. జొనాథన్ గ్లేజర్ 2023లో తీసింది. ఇంట్లో అందరూ పడుకున్నాక ల్యాప్‌టాప్‌లో, సౌండ్ బాగా తగ్గించి పెట్టుకున్నాను. ఒక కుటుంబం, పెద్ద ఇల్లు, పూలతోట, పిల్లల ఆటలు. ఏముంది ఇందులో అనుకుని అరగంటకే ఆపేశాను. అది నాజీలు లక్షలమందిని, ముఖ్యంగా యూదుల్ని, చంపిన ఆష్‌విట్జ్ క్యాంపు కమాండెంట్ రుడాల్ఫ్ హోస్ ఇల్లని, తోట గోడకు అవతలే ఆ క్యాంపు ఉందని తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు. తర్వాత ఒక స్నేహితుడు తిట్టినంత పనిచేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ చూడమన్నాడు.

అప్పుడు అర్థమైంది, నేను చూసింది సగం సినిమానే. రెండో సగం చెవులకే ఉంది. గోడవతల కుక్కల మొరుగుళ్లు, తుపాకీ మోతలు, అరుపులు, వాటన్నిటి కింద ఆగకుండా ఒక హోరు. ఇవతల హోస్ భార్య పూలమొక్కలు చూపిస్తూ మురిసిపోతుంటుంది. క్యాంపు లోపల జరిగే ఘోరాన్ని కెమెరా ఒక్కసారీ చూపించదు. దీనికి సౌండ్ విభాగంలో ఆస్కార్ ఎందుకిచ్చారో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. కానీ నన్ను వదలనిది ఒక చిన్న ఉత్తరం. చూడ్డానికి వచ్చిన ఆవిడ తల్లి, రాత్రి కిటికీలోంచి క్యాంపులోని మంటల వెలుగు చూశాక, ఎవరికీ చెప్పకుండా చీటీ రాసిపెట్టి వెళ్లిపోతుంది. కూతురు అది చదివి పొయ్యిలో పడేస్తుంది. అందులో ఏం రాసి ఉందో మనకు చెప్పరు. ఇప్పటికి నాలుగైదు రకాలుగా ఆ చీటీని నేనే రాసుకున్నాను.

చివరగా పోయిన ఆదివారం మా అమ్మాయితో 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' చూశాను, సబ్‌టైటిల్స్ అందనిచోట నేను చెబుతూ. ఇదీ 1957దే, సిడ్నీ లూమెట్ తీసింది. తండ్రిని చంపాడని పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద కేసు. పన్నెండుమంది జ్యూరీ సభ్యులు దాదాపు సినిమా అంతా ఒకే గదిలో చెమటలు కక్కుతూ వాదించుకుంటారు. హత్యా చూపించరు, విచారణా చూపించరు. కుర్రాడి మొహం మొదట్లో ఒక్కసారి కనబడుతుంది, అంతే. పోనుపోను గది ఇరుకైపోతున్నట్టు ఉంటుంది. లూమెట్ కావాలనే లెన్సులు మారుస్తూ, కెమెరాను మెల్లగా కిందికి దించుతూ వచ్చాడు, చివరికొచ్చేసరికి గది పైకప్పు కూడా తెరలోకి వచ్చేస్తుంది. మా అమ్మాయికి ఇదేమీ పట్టలేదు. సాక్షి ముక్కు మీద కళ్లజోడు గుర్తుల సంగతి వచ్చినప్పుడు మాత్రం లేచి గెంతింది.

అందరూ నిర్దోషి అని తేల్చి బయటికి వెళ్లిపోయారు. టీవీ కట్టేశాను.

"ఇంతకీ ఆ అన్న చంపాడా, లేదా?"

"సినిమాలో చెప్పరమ్మా."

"నీకు కూడా తెలీదా?"

తెలీదన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ "చంపే ఉంటాడు" అంది. ఇద్దరూ రాత్రి భోజనాల దాకా వాదించుకున్నారు.