ఆసనానికి ముందు మెట్టు
చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. యోగాసనాలు బాగానే వస్తున్నాయి గానీ కోపం మాత్రం తగ్గలేదని రాశావు. ఆ సంగతి గమనించావంటేనే నాకు ఎంతో సంతోషంగా ఉంది.

యోగసూత్రాలు రాసిన పతంజలి మహర్షి చెప్పిన ఎనిమిది యోగాంగాల్లో ఆసనం మూడోది. దానికంటే ముందు యమ నియమాలు ఉన్నాయి, అంటే ఇతరులతోనూ మనతో మనమూ ఎలా నడుచుకోవాలో చెప్పేవి. అహింస, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం), బ్రహ్మచర్యం, అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం), ఈ ఐదూ యమాలు. ఇవి చదివి పక్కన పెట్టేవి కావమ్మా, చాప మీదే మొదలుపెట్టాలి. పక్కావిడ తల మోకాలికి తగిలిందని నువ్వూ నొప్పిని ఓర్చుకుంటూ బలవంతంగా వంగావనుకో, అక్కడే అహింస తప్పింది. నీ నడుము ఎంతవరకు వంగుతుందో అంతవరకే ఒప్పుకోవడం సత్యం. ఎవరూ చూడకపోయినా ఒప్పుకోవాలి.

ఇక కోపం సంగతి. మనసు చెదిరితే శ్వాస కూడా చెదురుతుందని యోగసూత్రాల మొదటి పాదంలోనే ఉంది. రోజూ ఊపిరిని గమనించే అలవాటున్నవాళ్లకి, మాట నోరు దాటకముందే ఆ మార్పు తెలుస్తుంది. నాకు తెలిసి యోగా మన నడవడికకి చేసే పెద్ద మేలు ఇదే. అప్పుడు రెండు మూడుసార్లు ఊపిరి నెమ్మదిగా వదులు. ఈ మాట అంటే ఎవరికెంత బాధ, తర్వాత నాకెంత బాధ అని ఆలోచించు. దీన్నే ప్రతిపక్ష భావన అన్నారు, అంటే చెడు ఆలోచనకి ఎదురు ఆలోచన తెచ్చుకోవడం. మొదట్లో మాట అనేశాకే గుర్తొస్తుంది. ఫరవాలేదు, అప్పుడైనా ఆలోచించు.

హింస మనం చేసినా, చేయించినా, ఎవరో చేస్తే సమర్థించినా హింసే అంటాడు పతంజలి. ఆ మూడోదాంతో జాగ్రత్త. ఆఫీసులో నలుగురూ కలిసి ఒకరిని ఎగతాళి చేస్తుంటే, మనం నోరు విప్పకపోయినా లోపల సరదా పడుతూ ఉంటాం. రాత్రి పడుకునే ముందు ఈ మూడింటినీ ఒకసారి చూసుకో. తప్పు కనిపిస్తే నిన్ను నువ్వు తిట్టుకోవద్దు, అది కూడా హింసే.

ఐదు యమాలూ ఒకేసారి మొదలుపెట్టకు. ఈ నెల అహింస ఒక్కటి చాలు. ఇంట్లోవాళ్లకి మాత్రం దీని గురించి పాఠాలు చెప్పకు. నీ మాటతీరు మారితే వాళ్లే అడుగుతారు.

మడమల మీద కూర్చునే వజ్రాసనంలో మోకాలు నొప్పి పెడుతోందన్నావు కదా. కొన్నాళ్లు అది మానేసి, మీ టీచర్‌కి చెప్పు. ప్రాణాయామం కుర్చీలో కూర్చుని చేసుకున్నా సరిపోతుంది, వీపు నిటారుగా ఉంటే చాలు.

ప్రేమతో,
అత్తయ్య