‘ఎవరు చెప్పారు?’ అని అడగడం నేర్పే చదువు

ప్రశ్న: మేడం, మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. బీకాం చివరి ఏడాది, తెలుగు మీడియం. ఉస్మానియాలో జర్నలిజం పీజీ చేయాలని ఉంది. నాన్నేమో బీఈడీ చేయమంటున్నారు. ‘మన మండలంలో విలేకరులెవరైనా ఆ కోర్సు చదివారా? రెండేళ్లు దండగ’ అంటున్నారు. నా ఇంగ్లిష్ కూడా అంతంత మాత్రమే. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: తల్లీ, మీ నాన్న మాటలో నిజముంది. పాతికేళ్లు పత్రిక డెస్కులో, అంటే వచ్చిన వార్తలు దిద్దే చోట పనిచేశాను. నా పక్కన కూర్చున్న మంచి సబ్ ఎడిటర్లలో చాలామంది తెలుగు ఎంఏలు. ఒకాయనైతే పాలిటెక్నిక్ మధ్యలో మానేసి వచ్చాడు. హెడ్డింగ్ పెట్టడంలో ఆయన్ని మించినవాళ్లను నేను చూడలేదు. కోర్సు చదవకపోతే విలేకరి కాలేమని ఎవరైనా చెబితే నమ్మకు.

అయినా నేను చదవమనే అంటాను. ఎందుకో చెబుతాను.

ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. నేను 1989లో చేరాను. అప్పుడు కమ్యూనికేషన్, జర్నలిజంలో బ్యాచిలర్ డిగ్రీ (బీసీజే) ఒక ఏడాది, మాస్టర్ డిగ్రీ (ఎంసీజే) ఇంకో ఏడాది. కోర్సులో ఉండగా మాతో ఊళ్లకు వెళ్లి వార్తలు రాయించారు. అది ఎండాకాలం. ఇబ్రహీంపట్నం వైపు ఒక పల్లెకు వెళ్లి మంచినీళ్ల బావి గురించి రాసుకొచ్చాను. ‘వంద అడుగుల లోతు నుంచి నీళ్లు తోడుకుంటున్న మహిళలు’ అని మొదలుపెట్టాను. బాగా రాశానని నాకు చాలా నమ్మకం. మా సార్ ఎర్ర పెన్నుతో ‘వంద’ చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘ఎవరు చెప్పారు?’ అని రాసిచ్చారు. ఎవరూ చెప్పలేదు. బావిలోకి తొంగిచూసి నేనే అనుకున్నాను.

మర్నాడు మళ్లీ బస్సెక్కి వెళ్లాను. బావి దగ్గర ఒక పెద్దమ్మ చేంతాడు పైకి లాగి, తడిసిన చోటు నుంచి గిలక దాకా చేతులు చాచి బారలు లెక్కపెట్టింది. పది బారలు. అంటే యాభై, అరవై అడుగుల మధ్య. ‘పోయిన సంక్రాంతికి ఆరు బారలే బిడ్డా’ అంది. అసలు వార్త ఆ మాటలో ఉంది! నాలుగు నెలల్లో నీళ్లు నాలుగు బారలు కిందికి పోయాయి. నేను ఊహించి రాసిన వంద కంటే ఆమె చేతులతో కొలిచిన పదే ఎక్కువ భయం పుట్టించింది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆమెను ఒక్క ప్రశ్నా అడగలేదని అప్పుడు తెలిసొచ్చింది.

పత్రికలో చేరాక ఆ తప్పు చేసుంటే నా చేత తిరిగి బస్సు ఎక్కించేవాళ్లు ఉండరు. రాత్రి పదింటికి జిల్లా పేజీ అచ్చుకు వెళ్లిపోవాలి. వంద అని రాస్తే వంద అనే అచ్చవుతుంది. క్లాసులో అయితే తప్పు రాయడానికి, దాన్ని పట్టుకునేవాళ్ల ముందు నిలబడటానికి, మళ్లీ వెళ్లి సరిచేసుకోవడానికి సమయం దొరుకుతుంది. యూనివర్సిటీలో నేను సంపాదించుకున్నదల్లా అదే. కమ్యూనికేషన్ సిద్ధాంతాలు కూడా చదివాను, పనికొచ్చాయి. కానీ ఉద్యోగంలో రోజూ చేతికందింది మాత్రం ఆ ఎర్ర సున్నానే.

మా సార్‌కు ఇంకో పట్టుదల ఉండేది. కాపీలో, అంటే మేం రాసిచ్చిన వార్తలో ‘బడింది’ కనబడితే కొట్టేసేవారు. ‘నిధులు దారి మళ్లించబడ్డాయి’ అని రాస్తే, ‘మళ్లించిందెవరు?’ అని అడిగేవారు. తెలుగులో మనం అలా మాట్లాడం కదా! ‘అన్నం తినబడింది’ అని ఇంట్లో ఎవరంటారు? ఆ ‘బడు’ వెనక ఒక మనిషి దాక్కుంటాడు. అతనెవరో తెలుసుకుని రాయడమే మన పని. తెలియకపోతే తెలియలేదని రాయాలి.

ఇక ఇంగ్లిష్ సంగతి. తెలుగు డెస్కులో సగం పని అనువాదమే. వార్తా సంస్థలు పంపే ఏజెన్సీ కాపీలు ఇంగ్లిష్‌లోనే వస్తాయి. ఒక కుర్రాడు ‘టెన్ ఫియర్డ్ డ్రౌన్డ్’ అన్న వార్తకు ‘మునిగిపోతామని పదిమంది భయం’ అని హెడ్డింగ్ పెట్టాడు. ‘పదిమంది మునిగిపోయి ఉంటారని అనుమానం’ అని దాని అర్థం. అతనికి ఇంగ్లిష్ రాక కాదు, వార్త మొత్తం చదవకపోవడం వల్ల వచ్చిన పొరపాటు అది. నువ్వు రోజూ ఒక చిన్న ఇంగ్లిష్ వార్త తీసుకో. రెండుసార్లు చదివి పక్కన పెట్టేసి, మీ అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో రాయి. ఆర్నెల్లు విడవకుండా చేస్తే నీకే తేడా తెలుస్తుంది. మాట్లాడే ఇంగ్లిష్ గురించి ఇప్పుడు దిగులొద్దు.

చేరడానికి ఏ డిగ్రీ అయినా సరే. తెలంగాణలో సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ పీజీ అనే పరీక్ష. నీ బీకాంను తక్కువగా చూడకు. బడ్జెట్ కాగితం చూసి బెదరని విలేకరులు ఎక్కడా ఎక్కువమంది ఉండరు.

ఈలోగా ఒక పని చెయ్యి. మీ ఊరి పంచాయతీకి పోయిన ఏడాది ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చుపెట్టారు అని సమాచార హక్కు చట్టం కింద తెలుగులోనే దరఖాస్తు పెట్టు. గ్రామ స్థాయిలో రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన కాగితాలు పట్టుకుని ఊళ్లో తిరిగి, వేశామన్న రోడ్డు ఉందో లేదో చూసి రెండు పేజీలు రాయి. రాసేటప్పుడు సమయమే తెలియకపోతే ఈ చదువు నీదే. విసుగొస్తే మీ నాన్న మాట విను, బీఈడీ మంచి చదువే.

ప్రశ్న: కోర్సు పేరులో ‘కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం’ అని ఉంటుంది. రెండూ ఒకటి కాదా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కాదండి. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. దళిత మహిళలే మైకు పట్టుకుని విత్తనాల గురించి, జొన్న, కొర్ర పంటల గురించి, తమ పాటలతో సహా తమ యాసలో చెబుతారు. అక్కడ వార్తలు చదవరు కాబట్టి పత్రికల లెక్కలో అది జర్నలిజం కాకపోవచ్చు. కానీ ఒక ఆడమనిషి దాచుకున్న విత్తనం సంగతి పక్క ఊరి ఆడమనిషికి చేరుతోంది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరి మాట ఎక్కడ ఆగిపోతోంది అని చూసేది కమ్యూనికేషన్. అందులో జర్నలిజం ఒక గది. మా రోజుల్లో ఆ గదిలోకి వెళ్లాలనే అందరి తొందర. మిగతా ఇల్లు కూడా తిరిగి చూడమని ఇప్పుడు పిల్లలకు చెబుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఈ కోర్సులో చేరతానంటున్నాడు. జీతాలు ఎలా ఉంటాయి?
- ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మొదట్లో తక్కువే ఉంటాయి. మండలాల్లో పత్రికకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్లలో చాలామందికి జీతమంటూ ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బులిచ్చే లైన్ అకౌంట్ పద్ధతి నా కళ్లముందు నడిచింది. ఆ డబ్బుతో ఇల్లు గడవదు. చేతిలో ఇంకో ఆధారం లేనివాడిని ఆ దారిలోకి వెళ్లమని నేను చెప్పలేను. డెస్కు ఉద్యోగమో, అనువాదమో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టమనండి.

ప్రశ్న: నేను ఎనిమిదేళ్లుగా మండల కంట్రిబ్యూటర్‌ని అక్కా. కోర్సు చదివే వీలు లేదు. తప్పకుండా నేర్చుకోవాల్సిన పాఠం ఒక్కటి చెప్పండి.
- ఒక విలేకరి, కడప జిల్లా

జవాబు: తమ్ముడూ, చట్టం నేర్చుకో. 1996లో నేను డెస్కులో ఉండగా ఒక అమ్మాయిపై జరిగిన అఘాయిత్యం వార్త వచ్చింది. పేరు తీసేశాను. ఊరి పేరు, తండ్రి చేసే పని ఉంచేశాను. ఆ ఊళ్లో ఆ పని చేసే ఇల్లు ఒక్కటే. మూడో రోజు ఆ తండ్రి పత్రికను నాలుగు మడతలు పెట్టి పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. నన్ను ఏమీ అనలేదు. ఆ వార్త మీద వేలు పెట్టి చూపించాడు, అంతే. పేరు రాయకపోతే చాలనుకున్నది నేనే, ఆ తప్పు నాదే.

బాధితురాలిని గుర్తుపట్టేలా రాయకూడదని అప్పటికే చట్టం ఉంది. ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ అదే చెబుతోంది. పిల్లల విషయంలో, వాళ్లపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఇల్లున్న వీధి లాంటి గుర్తుపట్టే వివరాలేవీ బయటపెట్టకూడదు. ఈ రెండు సెక్షన్లూ తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకో. అలాంటి వార్త పంపేముందు, ఆ ఊరివాళ్లు నీ కాపీ చదివితే ఆ ఇల్లు ఏదో చెప్పగలరా అని చూసుకో. చెప్పగలిగితే ఆ వివరం తీసేసి, ఎందుకు తీసేశావో డెస్కుకు ఫోన్ చేసి చెప్పు. అవతల నాలాంటి మనిషి కూర్చుని ఉండొచ్చు.