పేరు ముందు ‘పద్మశ్రీ’ అచ్చువేయవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా తెలుగు సంఘం పద్మశ్రీ అందుకున్న ఒక రంగస్థల కళాకారుడిని సన్మానించబోతోంది. ఆహ్వానపత్రంపై పతకం బొమ్మ, ఆయన పేరు ముందు ‘పద్మశ్రీ’ వేయించబోతే, అది నేరమని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. నిజమేనా?

జవాబు: పెద్దాయన అభ్యంతరం సబబే, పేరు వరకైతే ‘నేరం’ అన్న మాట మాత్రం ఎక్కువ. సైనిక, విద్యా సంబంధమైన విశిష్టతలు తప్ప మరే బిరుదునూ రాజ్యం ఇవ్వరాదని రాజ్యాంగం 18వ అధికరణం శాసిస్తోంది. రావుబహదూర్ల కాలం చూసినవారు రాసుకున్న నిబంధన కాబట్టి అందులోని పట్టుదల అర్థం చేసుకోదగినదే. 1954 జనవరి 2న భారతరత్నతో పాటు మూడు వర్గాలుగా ఏర్పడి, మరుసటి ఏడాది జనవరి 8న పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీలుగా పేర్లు మారిన ఈ పురస్కారాలు కూడా బిరుదులేనన్న వాదన చాలాకాలం నడిచింది. 1977లో వాటిని రద్దుచేసి 1980లో పునరుద్ధరించారు. చివరకు బాలాజీ రాఘవన్ కేసులో 1995 డిసెంబరు 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇవి బిరుదులు కావని తేల్చింది. అయితే పేరుకు ముందుగాని వెనుకగాని తగిలించుకోరాదని, తగిలించుకున్న గ్రహీత పురస్కారాన్ని కోల్పోవలసి వస్తుందని స్పష్టం చేసింది. రాష్ట్రపతి పురస్కారాన్ని రద్దుచేస్తే పతకం, సనదు (పురస్కార పత్రం) తిరిగి అప్పగించాలి. అంటే మీరు గౌరవంగా వేసిన మాటకు చిక్కు వచ్చిపడేది మీ అతిథికి.

కనుక పేరును పేరుగానే వేసి, పరిచయంలో ‘భారత ప్రభుత్వం ఈయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది’ అని విడిగా రాయండి. మన ప్రాంతపు అలవాటు ప్రకారం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేస్తే అక్కడా ఇదే పద్ధతి పాటించండి.

ఇక పతకం బొమ్మ. కంచు పతకానికి ముందువైపు తామరపువ్వు, దాని పైన, కింద దేవనాగరిలో ‘పద్మ’, ‘శ్రీ’ అనే అక్షరాలు ఉంటాయి. వెనుకవైపు జాతీయ చిహ్నం ఉంటుంది. ఆ చిహ్నాన్ని, ఇది ప్రభుత్వ కార్యక్రమమేమో అనిపించేలా అచ్చువేస్తే మాత్రం అది నిజంగానే నేరం: 2005 నాటి చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బొమ్మ మానేసి కళాకారుడి ఫోటో వేయించడం మేలు. అచ్చుకు ఇచ్చేముందు ప్రూఫు ఆయనకే చూపించి సమ్మతి తీసుకోండి.