సిబిల్స్ మీద పీహెచ్‌డీ అంటున్నావంట

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఇటలీ ప్రింట్లలో, అంటే రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన బొమ్మల్లో, సిబిల్స్ మీద, అదే పాత గ్రీకు, రోమన్ కథల్లో జోస్యం చెప్పే ఆడవాళ్ల మీద పీహెచ్‌డీకి వెళ్తున్నావని. ఎంత సంతోషమేసిందో అంత గుబులూ పట్టుకుంది, నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

ఇటాలియన్ బాగా నేర్చుకో, కాస్త లాటిన్ కూడా. ప్రింట్లని ఫోన్లో చూసి ఊరుకోకు, ఎదురుగా పెట్టుకుని చూడు. వేళకి తిను.

ఇక నేను చేసిన తప్పు చెప్తా, ఇది మాత్రం రెండుసార్లు చదువు. నా ఎమ్.ఫిల్. కూడా ఆ బాచ్చో బాల్దీని అనే చెక్కుడు కళాకారుడి పేరు మీదున్న ప్రింట్ల సిరీస్ మీదే, 1470ల ఫ్లోరెన్స్‌ది, 24 మంది బైబిల్ ప్రవక్తలు, 12 మంది సిబిల్స్. పాత లెక్కలో సిబిల్స్ పది మందే, 15వ శతాబ్దంలో అగ్రిప్పా, యూరోపా అని ఇద్దర్ని కలిపి పన్నెండు చేశారు. క్రైస్తవులు కాని ఈ ఆడవాళ్లు క్రీస్తు పుట్టుక ముందే చెప్పారని ఆ కాలం వాళ్ల నమ్మకం. కింద ఇటాలియన్ పద్యం, పైన సిబిల్ కూర్చుని ఉంటుంది, బట్టల మడతల్లో వెంట్రుకంత సన్నటి గీతలు పక్కపక్కనే, చూస్తూ చూస్తూ నేను మైమరచిపోయాను తల్లీ. ఆ మైమరుపులోనే రాసేశా, ప్రవక్తల పక్కన సమానంగా కూర్చోబెట్టారంటే ఆ కాలంలో జోస్యం చెప్పే ఆడదానికి ఎంత గౌరవమో అని.

వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు, "వీళ్లలో ఆ ఊళ్లో బతికిన మనిషి ఒక్కరైనా ఉన్నారా అమ్మా?" అని. నోరు పెగల్లేదు. తర్వాత ఆయనే లూచియా బ్రోకాదెల్లి అనే సన్యాసిని సంగతి చెప్పారు. ఒంటి మీద క్రీస్తు గాయాలు కనిపించాయని, దర్శనాలు వస్తాయని పేరొస్తే ఇటలీలోని ఫెర్రారాని ఏలే డ్యూక్ ఎర్కోలే 1499లో ఆమెని తన ఊరికి రప్పించుకుని కాన్వెంట్, అంటే సన్యాసినుల మఠం, కట్టించాడు. 1505లో ఆయన పోయాడు, అంతే, ఆమె పరపతంతా లాగేసుకున్నారు, ఆ కాన్వెంట్‌లోనే ఆంక్షల మధ్య 1544లో చనిపోయేదాకా మూలన పడి ఉంది. దాదాపు 40 ఏళ్లు! పురాణకాలపు సిబిల్‌కి రాగిరేకు మీద ఎంత మర్యాద చేసినా ఎవరికీ పోయేదేం లేదు కదా, ఎదురుగా ఉన్న ఆడది నోరు తెరిస్తే మాత్రం వెనక డ్యూకో, కన్ఫెసరో (పాపాలు చెప్పుకునే పాదిరి) ఉండాల్సిందే. 1516లో లాటెరన్ కౌన్సిల్, అంటే రోమ్‌లో జరిగిన చర్చి పెద్దల సభ, అయితే కొత్త జోస్యాలు చర్చి పరిశీలించకుండా ప్రచారం చేయకూడదంది. కాబట్టి బొమ్మ పక్కన ప్రాణమున్న మనిషిని పెట్టకుండా ఒక్క చాప్టర్ కూడా ముగించకు.

లూచియా గురించి తలచుకుంటే నాకు నీ మీద బెంగ ఇంకా ఎక్కువవుతుంది. అక్కడ ఒక్క ప్రొఫెసర్‌నే నమ్ముకుని ఉండిపోకు, ఆయన రిటైరైతే, వేరే చోటికి వెళ్లిపోతే నీ గతేంటి? మొదటి ఏడాదే ఇంకో ఇద్దరితో పరిచయం పెంచుకో. మొహమాటపడితే మాత్రం నేనే ఫోన్ చేసి తిడతా, ముందే చెప్తున్నా.

చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని ఆ ఇత్తడి పిడి భూతద్దంతో చీమల్ని చూసేదానివి, గుర్తుందా? అంచు కొంచెం పగిలింది గానీ మధ్యలో బాగానే కనిపిస్తుంది. ఆదివారం వచ్చి తీసుకెళ్లు, గోంగూర పచ్చడి కూడా కట్టి పెడతా.

మీ పెద్దమ్మ