మెష్ అల్లుతానంటున్న బిడ్డకు

చిరంజీవికి ఆశీస్సులు.

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) చప్పుడు నడుమ పెరిగినవాడివి. పడుగు తోడుడు, భీము ఎక్కించుడు నీకు ఒకరు నేర్పే పని లేదు. హెర్నియా మెష్, అంటే హెర్నియా ఆపరేషన్‌లో పొట్టగోడకు ఆసరాగా లోపల పెట్టే వల గుడ్డ, చేయాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ నీ ఉత్తరంలో సగం మిషన్ ధర గురించే ఉన్నది. మిషన్ ఎక్కడైనా దొరుకుతుంది. మనిషి పొట్టలో ముప్పై నలభై ఏళ్లు ఉండే ఆ గుడ్డతో పాటు ఇంకేమేం లోపలికి పోతున్నయో ముందు అది ఆలోచించు.

సాంచా మీద నేసిన గుడ్డ దీనికి పనికిరాదు. సర్జన్ ఆపరేషన్ బల్ల దగ్గర మెష్‌ను తనకు కావలసినట్టు కత్తిరిస్తాడు, నేసినదైతే అంచు పోగులు ఊడివస్తయి. వార్ప్ నిట్టింగ్‌లో ప్రతి పోగూ పక్క పోగు ఉచ్చులో చిక్కి ఉంటుంది కాబట్టి కోసినా జారదు. మిషన్ ట్రైకాట్ రకం గానీ రాషెల్ రకం గానీ, సూదులకు పోగు అందించే గైడ్ బార్లు రెండున్నది చాలు. రెండు బార్లకూ ఒక సూది విడిచి ఒక సూదికి పోగు ఎక్కించి, ఒకటి కుడికి పోతే రెండోది ఎడమకు పోయేట్టు నడుపు. పక్క వరుసతో కలవకుండా ఎన్ని కోర్సులు (ఉచ్చుల అడ్డ వరుసలు) అల్లితే బెజ్జం అంత పొడుగొస్తుంది. బార్ల కదలిక సమంగా లేకపోతే మెష్ ఒక పక్కకు వాలుతుంది, తర్వాత ఏం చేసినా అది సరికాదు.

పోగు పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ మోనోఫిలమెంటే (ఒంటిపోగే) తీసుకో. 100 మైక్రాన్ల పోగంటే సుమారు 64 డెనియర్ (9,000 మీటర్ల పోగు 64 గ్రాములు), 150 మైక్రాన్లంటే 144. సన్నపు పోగులు కలిపి పేనిన మల్టీఫిలమెంట్ మెత్తగా ఉంటుంది, కానీ ఆ సందుల్లో ఒక మైక్రాన్ సైజు బాక్టీరియా దూరుతుంది. పది మైక్రాన్ల లోపు సందులోకి దాన్ని తినే మన కణాలు పోలేవు. ఇక ఆ పోగు తీసే ప్లాస్టిక్ గింజలు అమ్మేవాడు 'శాశ్వత ఇంప్లాంట్‌కు ఇస్తున్నా' అని కాగితం మీద రాసిస్తేనే కొను. ఒట్టి 'మెడికల్ గ్రేడ్' అన్న మాట చాలదు, సిరంజికి పనికొచ్చే గింజనూ అట్లనే అంటారు.

బరువు ఎక్కువైతే బలమని మురిసిపోకు. గట్టిగా దగ్గినా పొట్టగోడ మీద పడే బలం సెంటీమీటరుకు 16 న్యూటన్ల దాకానే అని లెక్కగట్టారు. పాత బరువు మెష్‌లు దానికి ఎన్నో రెట్లు మోస్తయి, ఆ అదనపు ప్లాస్టిక్ చుట్టూ మచ్చకండ గట్టిపడి రోగికి నొప్పి మిగులుతుంది. చదరపు మీటరుకు 35–50 గ్రాముల్లో మొదలుపెట్టు. 15 సెంటీమీటర్ల చదరపు ముక్క 40 గ్రాముల లెక్కన 0.9 గ్రాములే తూగుతుంది. బెజ్జం ఒక మిల్లీమీటరు కంటే పెద్దగా ఉండాలి, లేకపోతే పక్కపక్క పోగుల మచ్చలు కలిసి రేకులా బిగుస్తయి. దాన్ని బల్ల మీద పరిచి కొలిస్తే మోసపోతవు. లాగి పట్టి, పడుగు దిక్కూ అడ్డ దిక్కూ రెండింట్లో కొలువు. లాగినప్పుడు వజ్రం ఆకారపు బెజ్జం సన్నని చీలికై మూసుకుపోవచ్చు.

మెష్ చెడిపోయే ఇంకో చోటు కడగడం దగ్గర. పోగు జారడానికి పూసిన స్పిన్ ఫినిష్ నూనె మిగిలితే ఒంట్లో వాపు తెస్తుంది. ఏప్రిల్, మే పొడి గాలికి పోగులు కరెంటు పట్టి ఒకదానికొకటి అతుక్కుంటయి, అప్పుడు ఇంకాస్త నూనె వేద్దామని చేయి లాగుతుంది. వద్దు బిడ్డా, గదిలో తేమ 60–65 శాతం నిలుపు. బోరు నీళ్లతో కడగకు, లవణాలు పోగు మీదే ఎండుతయి. నురుగు తక్కువ వచ్చే నాన్‌అయానిక్ (విద్యుదావేశం లేని) సబ్బుతో కడిగి, శుద్ధి చేసిన నీళ్లతో పలుమార్లు జాడించు. నిలవ నీళ్లలో చచ్చిన బాక్టీరియా వదిలే ఎండోటాక్సిన్ మరిగించినా పోదు.

ఆ తర్వాత నాలుగు అంచులూ ఫ్రేము ముళ్లకు బిగించి హీట్ సెట్ చేయి, అంటే వేడితో ఆకారం నిలబెట్టు. పాలీప్రొపిలీన్ 160–165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 130–140 నడుమ ప్రయోగాలు చెయ్. తక్కువ వేడైతే అంచులు చుట్టుకుంటయి, ఎక్కువైతే పోగు పెళుసవుతుంది. ముక్కలు లేజర్‌తో గానీ అల్ట్రాసోనిక్‌తో గానీ కోసి, మొన గరుకుగా ఉందేమో భూతద్దంతో చూడు. స్టెరిలైజేషన్‌కు ఇథిలీన్ ఆక్సైడ్ వాడు, మిగిలిన వాయువు పోయేదాకా గాలాడనివ్వు. గామా కిరణాలు మాత్రం వద్దు, పాలీప్రొపిలీన్ గొలుసులు తెగి పోగు పెళుసెక్కుతుంది.

దోమతెర గుడ్డతోనే ఉగాండాలో హెర్నియా ఆపరేషన్లు చేశారని, ఏడాది తర్వాత ఖరీదైన మెష్‌తో పెద్ద తేడా రాలేదని 2016లో వచ్చిన అధ్యయనం నువ్వూ చదివే ఉంటవు. ఆశ పడదగ్గ సంగతే. ఆ తెరనూ శుద్ధి చేసి, పరీక్షించి, డాక్టర్ల కనుసన్నల్లో వాడారన్నది మర్చిపోకు.

మెడికల్ డివైసెస్ రూల్స్, 2017 ప్రకారం ఇది సి క్లాస్ (ప్రమాదాన్ని బట్టి ఏ నుంచి డి దాకా ఉన్న తరగతుల్లో మూడోది), లైసెన్సు కేంద్రం ఇస్తుంది, రాష్ట్రం కాదు. పరీక్షల కోసం అల్లేదానికి కూడా ముందు టెస్ట్ లైసెన్సు తీసుకో. గింజల బస్తా నుంచి ప్యాకెట్ దాకా లాట్ నంబరు రాయడం మొదటి రోజే అలవాటు చేసుకో. వరంగల్ ఎంజీఎం దవాఖానలో సర్జన్లను అడిగి, వాళ్లు మెష్‌ను ఎట్ల మడుస్తారో, ఎక్కడ కుట్టు వేస్తారో వివరంగా రాసుకో.

మొదటి మీటరు అల్లినంక కడగని ముక్క ఒకటి, కడిగిన ముక్క ఒకటి వేర్వేరు కవర్లలో పెట్టి పంపు. రెండింటి బరువూ మీద రాయి.