పది బ్యాచ్‌లకే నీరసించిన రాగి ఉత్ప్రేరకం: సరుకును తిట్టే ముందు చూడవలసినవి

మొదటి బ్యాచ్‌లలో సీఓడీని (నీటిలోని కాలుష్యం ఆక్సీకరణకు కావలసిన ఆక్సిజన్ కొలతను) 70 శాతం తగ్గించిన రాగి ఉత్ప్రేరకం పదో బ్యాచ్‌కు 30 శాతం దగ్గరే ఆగిపోతోందని, సరుకు నాసిరకం కావచ్చా అని మీరు అడిగారు. విశాఖపట్నం దగ్గర పరవాడ వైపు ఒక బల్క్ డ్రగ్ కర్మాగారపు ఈటీపీలో, అంటే వ్యర్థజల శుద్ధి కేంద్రంలో, నేను కొన్నేళ్లు పనిచేశాను. అల్యూమినా గుళికలకు కాపర్ ఆక్సైడ్ పట్టించిన ఉత్ప్రేరకంతో, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, ఫినాల్ కలిసిన వ్యర్థజలాన్ని శుద్ధి చేసేటప్పుడు మాకూ ఇదే అనుభవమైంది. మేమూ మొదట సరఫరాదారునే అనుమానించాము. ఆ అనుమానం తప్పని తేలడానికి రెండు నెలలు పట్టింది.

శుద్ధి అయిన నీరు లేత నీలి ఛాయలో వస్తున్నా మేము పట్టించుకోలేదు. ఫినాల్ విచ్ఛిన్నమయ్యే క్రమంలో ఆక్సాలిక్, ఎసిటిక్ వంటి చిన్న ఆమ్లాలు పుడతాయి. వాటివల్ల పీహెచ్ పడిపోయి, గుళికల మీది రాగి కరిగి నీటిలో కలిసిపోతుంది. కరిగిన రాగి కూడా పెరాక్సైడ్‌ను విడగొట్టి ఆక్సీకరణ జరిపించగలదు కనుక, తొలి బ్యాచ్‌లలో మేము మురిసిపోయిన ఫలితంలో కొంత భాగం గుళికలది కాదు, వాటినుంచి కారిపోతున్న రాగిది. అసలును తింటూ వడ్డీ వస్తోందనుకున్నట్టు అయింది మా పని. పైగా ఆ రాగి తర్వాతి దశలో గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులోని, శుద్ధి చేసే సూక్ష్మజీవులకు విషమై, బురద సరిగా అడుగుకు చేరక, ఆ విభాగం వారితో మాకు చాలా మాటలు నడిచాయి.

దీనిని తేల్చే పరీక్ష సులభమైనదే. చర్య సగంలో ఉండగా, వేడి తగ్గకముందే గుళికలను వడగట్టి తీసేసి, మిగిలిన నీటిని అదే ఉష్ణోగ్రతలో పెరాక్సైడ్‌తో కొనసాగించండి. ఉత్ప్రేరకమే లేకుండా మొదటినుంచి నడిపిన నీటికన్నా ఇందులో సీఓడీ వేగంగా పడుతూ ఉంటే రాగి కరిగినట్టే. ఎంత కరిగిందో అటామిక్ అబ్సార్ప్షన్ పరికరంతో కొలిపించవచ్చు.

రెండవ కారణం పూత. ఆక్సీకరణ పూర్తికాని ఫినాల్ ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కొని తారులాంటి పొరగా రంధ్రాలను మూసేస్తాయి. పెరాక్సైడ్ పొదుపు చేసినప్పుడు ఇది ఎక్కువవుతుంది. మా గుళికలను ఆరబెట్టి తూచితే కొత్తవాటికన్నా బరువుగా ఉన్నాయి. వాటిని, కొత్త గుళికలను విడివిడిగా ప్రయోగశాల కొలిమి అయిన మఫిల్ ఫర్నేస్‌లో 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో కాల్చి మళ్లీ తూచితే, పాతవి కొత్తవాటికన్నా తేలికయ్యాయి. పేరుకున్నది, పోయినది రెండూ ఆ తక్కెడే చెప్పింది. కాల్చడంతో పొర పోయింది, పనితనం కొంత తిరిగివచ్చింది. కానీ కరిగిపోయిన రాగి కాల్చితే తిరిగి రాదు.

ఇక ఉత్ప్రేరకం చెడకుండానే చెడినట్టు కనిపించే సందర్భాలు రెండు ఉన్నాయి, వీటినే ఎక్కువమంది మరచిపోతారు. క్లోరైడ్, బైకార్బనేట్ ఎక్కువున్న నీరు వస్తే అవి పెరాక్సైడ్ నుంచి పుట్టి ఫినాల్‌ను విరగొట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను మధ్యలోనే మింగేస్తాయి. పాత గుళికలను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన ఫినాల్‌తో నడిపి చూడండి. అక్కడ బాగా పనిచేస్తే లోపం మీ నీటిలో ఉంది. మరొకటి, మిగిలిపోయిన పెరాక్సైడ్‌ను సీఓడీ కొలిచే డైక్రోమేట్ పరీక్ష సీఓడీగానే లెక్కిస్తుంది. లీటరుకు ఒక గ్రాము మిగిలితే సిద్ధాంతరీత్యా 470 మిల్లీగ్రాములు అదనంగా కనిపిస్తుంది. అందుచేత పెరాక్సైడ్‌ను తొలగించిన తర్వాతే పరీక్షించాలి.

మేము చివరికి ఉప్పు ఎక్కువున్న ధారను వేరుచేసి, పెరాక్సైడ్‌ను ఒకేసారి కాక విడతలుగా పోసి, చర్య మధ్యలో క్షారం కలిపి పీహెచ్ మరీ పడిపోకుండా చూశాము. పీహెచ్ బాగా పెంచితే పెరాక్సైడ్ ఊరికే ఆక్సిజన్‌గా పోతుంది కనుక అక్కడ బేరం తప్పదు. మీ బ్యాచ్ చివరి పీహెచ్ ఎంత ఉందో, బయటికి వచ్చే నీటి రంగు ఏమిటో రాస్తే, ఇందులో మీది ఏదో నేను ఇంకాస్త గట్టిగా చెప్పగలను.