టెక్ సందేహాలు: 60 రావాల్సిన చోట 1.047 ఎందుకొస్తోంది?

ప్రశ్న: చెన్నై పెరంబూరులో ప్లస్ టూ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. మా ట్యూషన్ సైట్‌లోనే జావాస్క్రిప్ట్‌తో ఒక కాలిక్యులేటర్ పేజీ పెట్టాను. కాస్ ఇన్వర్స్ 0.5 కొడితే 60 బదులు 1.047 వస్తోంది. ఒక్కోసారి సైన్ ఇన్వర్స్‌కి ‘నాన్’ (NaN) అని వస్తోంది. కోడ్ పంపుతున్నాను, చూడండి.

జవాబు: మాస్టారూ, 1.047 సరైన జవాబే, కాకపోతే డిగ్రీల్లో కాదు, కోణాన్ని కొలిచే మరో ప్రమాణమైన రేడియన్లలో ఉంది. 180తో గుణించి ‘పై’ (π)తో భాగించండి, 60 వస్తుంది. ఈ ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది, అడిగేవాళ్లను తప్పుపట్టలేను. వెబ్‌సైట్లు రాసే మరో భాష పీహెచ్‌పీలో రేడియన్లను డిగ్రీల్లోకి మార్చే ఫంక్షన్ భాషలోనే ఉంది. 1995లో వచ్చిన జావాస్క్రిప్ట్‌లో ఇన్నేళ్లకీ ఎవరికి వాళ్లు రాసుకోవాల్సిందే.

‘నాన్’ (నాట్ ఎ నంబర్, అంటే ‘ఇది సంఖ్య కాదు’) సంగతి వేరు. 0.1కి 0.2 కలిపి 0.3తో భాగిస్తే కాగితం మీద 1. కంప్యూటర్‌లో 1.0000000000000002. ఒకటి దాటిన విలువకు సైన్ ఇన్వర్స్ లేదు కాబట్టి చేతులెత్తేస్తుంది. ఇలా వెంట్రుకవాసి దాటినప్పుడు 1కి సరిచేయండి. పిల్లలు 2 కొడితే మాత్రం ‘ఈ విలువకు కోణం లేదు’ అని చూపించాలి. దాన్నీ 1కి నొక్కేస్తే తప్పు లెక్క నేర్పినట్టవుతుంది.

మీరు అడగని విషయమే నన్ను కంగారు పెట్టింది. పెట్టెలో కొట్టిన లెక్కను యథాతథంగా జావాస్క్రిప్ట్‌లోని ‘ఇవాల్’ (eval) అనే ఫంక్షన్‌కి ఇచ్చేశారు. ఇవాల్‌కి లెక్క అనీ ప్రోగ్రామ్ అనీ తేడా లేదు, ఏమిస్తే అది నడిపేస్తుంది. పైగా పిల్లలు లెక్కను పంచుకోవడానికి షేర్ లింకు పెట్టారు. పేజీ తెరవగానే ఆ లింకులోని లెక్క దానంతటదే నడుస్తోంది. అంటే ఎవడైనా లెక్క బదులు నాలుగు వరుసల కోడ్ ఆ లింకులో దూర్చి మీ వాట్సాప్ గ్రూపులో పడేస్తే చాలు. నొక్కిన పిల్లవాడి బ్రౌజర్‌లో, మీ సైట్ పేరు మీదే ఆ కోడ్ నడుస్తుంది. అదే సైట్‌లో మార్కుల లాగిన్ ఉంది, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లున్నాయి. లాగిన్ అయి ఉన్న పిల్లవాడికి కనిపించేవన్నీ ఆ కోడ్‌కీ కనిపిస్తాయి. లింకు మీ సైట్‌దే కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. ఇవాల్ తీసేయండి. దాని బదులు, అలాగే అక్షరాలను కోడ్‌గా మార్చి నడిపే ‘న్యూ ఫంక్షన్’ పెట్టినా అంతే ప్రమాదం. అంకెలు, గుర్తులు, మీరు అనుమతించిన ఆరేడు ఫంక్షన్ల పేర్లు తప్ప ఇంకేదీ ఒప్పుకోని చిన్న పార్సర్ (కొట్టిన లెక్కను ముక్కలుగా చదివి అర్థం చేసుకునే కోడ్) రాసుకోండి. సర్వర్‌లో కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (పేజీలో ఏ కోడ్ నడవొచ్చో బ్రౌజర్‌కి చెప్పే నియమాలు) పెట్టి, అందులో ఇవాల్‌కి అనుమతి ఇవ్వకండి. రేపు పొరపాటున ఎక్కడైనా మిగిలిపోయినా బ్రౌజరే ఆపుతుంది.

ఇంకొక్క మాట. మీ పేజీలో డిగ్రీలా రేడియన్లా అన్నది పెద్ద అక్షరాలతో, జవాబు పక్కనే రాయండి. ఫోన్లలో వచ్చే కాలిక్యులేటర్లు దాన్ని మూల ఎక్కడో చీమతలకాయంత అక్షరాల్లో పెడతాయి. అది రేడియన్లలో ఉందని చూడకుండా సైన్ 30 కొట్టిన పిల్లవాడికి 0.5 బదులు మైనస్ 0.988 కనిపిస్తుంది, వాడు తనకే లెక్కలు రావనుకుంటాడు. అప్‌డేట్ తర్వాత అప్‌డేట్‌లో రంగులు మార్చే తీరిక ఉంది, ఈ ఒక్క ముక్క కనబడేలా రాసే ఓపిక లేదు.

ముందు ఈ రోజే షేర్ లింకు ఆపండి. పార్సర్ రాశాక కోడ్ మళ్లీ పంపండి, చూస్తాను.